తీర్పులోనే తప్పు దొర్లితే? కోరమ్ నోబిస్, రిట్ ఆఫ్ ఎర్రర్, ఆడిటా క్వెరెలా గురించి తెలిసినవాళ్లు చెప్పండి

లా_మూడో_ఏడు
అందరికీ నమస్కారం. రాజ్యాంగ చట్టం చదువుతుంటే అమెరికాలోని కొరెమాట్సు కేసు దగ్గర ఆగిపోయాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలవాళ్లను తరలించమన్న ఆదేశం పాటించని మనిషి కేసు అది. 1944లో అక్కడి సుప్రీంకోర్టు 6–3తో అతని శిక్షను ఖాయం చేసింది. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక జిల్లా జడ్జి అదే శిక్షను కొట్టేశారు. పై కోర్టు ఖాయం చేసినదాన్ని కింది కోర్టు ఎలా కొట్టేస్తుంది? మా నోట్సులో "రిట్ ఆఫ్ కోరమ్ నోబిస్ ద్వారా" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ రిట్ ఎక్కడ పుట్టింది, ఇంకా అలాంటివి ఏమున్నాయి, మన దగ్గర దానికి సమానమైనది ఏదైనా ఉందా? పరీక్ష కోసం అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాత_రికార్డు
మంచి ప్రశ్న అమ్మా. కోర్టు రికార్డు గదిలోనే ఉద్యోగమంతా చేసినవాణ్ని, ఈ విషయం మీద నాకు మమకారం ఎక్కువ. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి. ఇప్పుడు మనం అప్పీలు అంటున్నది పాత ఇంగ్లండు కామన్ లా కోర్టుల్లో లేదు. కింది కోర్టు తీర్పు న్యాయంగా ఉందా లేదా అని పై కోర్టు మళ్లీ మొదటి నుంచి విచారించడం వాళ్ల పద్ధతి కాదు. వాళ్లు చూసేది ఒక్కటే: రికార్డు. గొర్రె తోలుతో చేసిన పత్రాల మీద కేసు నడక రాసి, చుట్టలు చుట్టి దాచేవారు. ఎవరు దావా వేశారు, ప్రతివాది ఏమన్నాడు, జ్యూరీ ఏం చెప్పింది, కోర్టు ఏం తేల్చింది, ఇంతే అందులో ఉండేది. సాక్షులు చెప్పింది ఉండదు. జడ్జి జ్యూరీకి ఏం బోధించాడో ఉండదు. 1733 దాకా అదంతా లాటిన్‌లోనే.

ఓడినవాడు చాన్సరీకి, అంటే రాజు పేరుతో ఆజ్ఞలు రాసిచ్చే ఆఫీసుకు వెళ్లి రిట్ ఆఫ్ ఎర్రర్ తెచ్చుకునేవాడు. రిట్ అంటే అలాంటి రాతపూర్వక ఆజ్ఞే. కామన్ ప్లీస్ అనే సివిల్ కోర్టు తీర్పైతే రికార్డు దాని పై కోర్టైన కింగ్స్ బెంచ్‌కు వెళ్లేది. కింగ్స్ బెంచ్ తీర్పు మీద చాలా కేసుల్లో 1585 చట్టం తర్వాత ఎక్స్‌చెకర్ ఛాంబర్‌కు, అక్కడి నుంచి హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు. అక్కడి జడ్జీలు ఆ తోలు పత్రం మీద కనబడే తప్పునే చూస్తారు. పత్రం మీద లేని తప్పు ఎంత ఘోరమైనదైనా వాళ్లకు లేనట్టే.

ఈ పద్ధతి ఎంత సూక్ష్మంగా పనిచేసేదో జాన్ విల్క్స్ సంగతి చూడండి. ప్రభుత్వాన్ని తిట్టి రాశాడని కేసు పెడితే ఫ్రాన్స్ పారిపోయాడు. అతన్ని చట్టం రక్షణ లేనివాడిగా ప్రకటించారు. 1768లో తిరిగొచ్చి దాని మీద రిట్ ఆఫ్ ఎర్రర్ వేశాడు. చీఫ్ జస్టిస్ మాన్స్‌ఫీల్డ్ అతని లాయర్ల వాదనలన్నీ తోసిపుచ్చి, చివరకు వేరే లోపం పట్టుకుని ఆ ప్రకటనను రద్దు చేశాడు. షెరీఫ్ పంపిన రిటర్నులో "కౌంటీ కోర్టులో" అని ఉంది గానీ, ఆ కోర్టు మిడిల్‌సెక్స్ కౌంటీది అని చెప్పాల్సిన మాటలు పడలేదు. బయట లండన్ వీధుల్లో విల్క్స్ కోసం జనం అల్లరి. లోపల ఒక గుమాస్తా వదిలేసిన నాలుగు మాటల మీద తీర్పు.

తెనాలి_వకీలు
సార్ చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. జడ్జి సాక్ష్యం తప్పుగా తోసేశాడనుకోండి, జ్యూరీకి చట్టం తప్పుగా చెప్పాడనుకోండి. అది రికార్డులోకి రాదు కాబట్టి రిట్ ఆఫ్ ఎర్రర్ పనికిరాదు. దీనికోసమే 1285లో రెండో వెస్ట్‌మినిస్టర్ శాసనం ఒక దారి పెట్టింది. లాయరు అక్కడికక్కడే అభ్యంతరం రాసిస్తే జడ్జి దాని మీద ముద్ర వేయాలి. బిల్ ఆఫ్ ఎక్సెప్షన్స్ అనేవారు. అది రికార్డుకు జతపడుతుంది, పై కోర్టు చూడగలుగుతుంది. ఇవాళ ట్రయల్‌లో మేము "అబ్జెక్షన్, నోట్ చేసుకోండి సార్" అని పట్టుబట్టేది కూడా ఇందుకే. నోట్ కాకపోతే హైకోర్టులో మన మాట గాల్లో కలిసిపోతుంది. జూనియర్లకు మొట్టమొదట నేను నేర్పేది ఇదే.

లా_మూడో_ఏడు
మరి జ్యూరీయే అబద్ధపు తీర్పు ఇస్తే సార్? అది రికార్డులో కనబడదు కదా.

పాత_రికార్డు
దానికి వేరే రిట్ ఉంది. అటెయింట్. పన్నెండు మంది చెప్పింది అబద్ధమని ఫిర్యాదు వస్తే, ఇరవై నాలుగు మందితో ఇంకో పెద్ద జ్యూరీ కూర్చుంటుంది. మొదటివాళ్లు ఏ సాక్ష్యం మీద తేల్చారో దాని మీదే వీళ్లూ తేలుస్తారు. తప్పని తేలిందా, తీర్పు తిరగబడటమే కాదు, ఆ పన్నెండు మందికి శిక్ష. జైలు, ఆస్తి జప్తు, ఇల్లు కూల్చేయడం, పచ్చిక బయళ్లు దున్నేయడం, చెట్లు వేళ్లతో పీకేయడం. ఇక జన్మలో వాళ్ల మాట ఏ కోర్టులోనూ చెల్లదు.

ఇంత భయంకరమైన శిక్ష కాబట్టే ఇరవై నాలుగు మంది కూడా తోటివాళ్లను ముంచడానికి ఇష్టపడేవారు కాదు. క్రమంగా వాడకం తగ్గిపోయింది. 1825లో చట్టం చేసి తీసేసేనాటికి అది పేరుకే మిగిలింది. శిక్ష పెంచితే న్యాయం పెరుగుతుందనుకునే వాళ్లు ఈ రిట్ చరిత్ర ఒకసారి చదవాలని నా అభిప్రాయం.

రికార్డే లేని కోర్టుల సంగతి ఇంకో చిత్రం. కౌంటీ కోర్టులు రికార్డు కోర్టులు కావు. వాటి తీర్పు మీద రిట్ ఆఫ్ ఫాల్స్ జడ్జిమెంట్ వేస్తే, ఆ కోర్టు నుంచి నలుగురు నైట్లు (రాజు బిరుదు పొందిన యోధులు) రాజు కోర్టుకొచ్చి అక్కడ ఏం జరిగిందో నోటితో చెప్పాలి. వాళ్లు చెప్పింది కాదని అవతలివాడంటే, పన్నెండో శతాబ్దంలో ద్వంద్వ యుద్ధం దాకా వెళ్లే వీలుండేది.

నిశితం
ఇదంతా ఆసక్తిగానే ఉంది గానీ అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. కోరమ్ నోబిస్ ఏది?

పాత_రికార్డు
వస్తున్నానండీ. పత్రం మీద ఏ తప్పూ లేదు, కానీ కోర్టుకు తెలియని ఒక వాస్తవం వల్ల తీర్పు చెల్లకూడదు. ఉదాహరణకు ప్రతివాది మైనరు, గార్డియన్ లేకుండా అటార్నీ పెట్టుకుని హాజరయ్యాడు. లేదా దావా పెళ్లయిన స్త్రీ మీద, భర్తను చేర్చలేదు, ఆ రోజుల్లో అది కుదరదు. లేదా తీర్పు రాకముందే కక్షిదారు చనిపోయాడు. ఇలాంటప్పుడు పై కోర్టుకు పంపి ప్రయోజనం లేదు. జడ్జి చట్టం విషయంలో పొరపడలేదు, ఆయనకు తెలిసినంతలో సరిగ్గానే చెప్పాడు. కాబట్టి ఆ కోర్టుకే తిరిగి వెళ్లి, ఇదిగో ఈ వాస్తవం మీకు తెలియదు, తీర్పు వెనక్కి తీసుకోండి అని అడగాలి. కింగ్స్ బెంచ్‌లో రాజు కూర్చున్నట్టు లెక్క కాబట్టి అక్కడ దాని పేరు కోరమ్ నోబిస్, మా ముందు అని. కామన్ ప్లీస్‌లో కోరమ్ వోబిస్, మీ ముందు అని.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏమిటంటే, ఇంగ్లండులో ఇది చాలా ఇరుకు దారి. సాక్షి అబద్ధం చెప్పాడనో, కొత్త సాక్ష్యం దొరికిందనో దీన్ని వాడనిచ్చేవారు కాదు. మైనరు, పెళ్లి, చావు, ఇలాంటి కొన్ని విషయాలకే.

బేఏరియా_తెలుగు
కొరెమాట్సు గురించి నేను రాస్తాను, ఆయన పుట్టిన ఓక్లాండ్ మాకు దగ్గరే. ఇక్కడ జనవరి 30న ఆయన పేరు మీద రోజు జరుపుతారు, మా పిల్లలు స్కూల్లో ఆ కథ చదువుకుని వచ్చి నాకు చెప్పారు.

1942 ఫిబ్రవరిలో రూజ్‌వెల్ట్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 9066 మీద సంతకం చేశాక, పశ్చిమ తీరం నుంచి దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాల వాళ్లను శిబిరాలకు తరలించారు. అందులో మూడింట రెండు వంతుల మంది అక్కడే పుట్టిన పౌరులు. ఫ్రెడ్ కొరెమాట్సు వెల్డరు, వయసు ఇరవై మూడు. వెళ్లనన్నాడు. మే 30న శాన్ లియాండ్రోలో పట్టుకున్నారు. అయిదేళ్ల ప్రొబేషన్ వేశారు, ఆ తర్వాత శిబిరానికే పంపారు.

సుప్రీంకోర్టులో ప్రభుత్వం చెప్పిన వాదన సైనిక అవసరం. దానికి ఆధారం పశ్చిమ తీర సైన్యాధిపతి జనరల్ డివిట్ ఇచ్చిన రిపోర్టు. అయితే ఆ రిపోర్టు మొదటి ప్రతిలో ఉన్న మాట వేరు: ఎవరు విశ్వాసపాత్రులో ఎవరు కాదో తేల్చడం ఎంత టైమున్నా సాధ్యం కాదు అని. అంటే జాతిని బట్టి ముందే నిర్ణయించేశాడు. వాషింగ్టన్‌లో పైవాళ్లు దాన్ని మార్పించి, తేల్చడానికి టైము లేదు అన్నట్టు రాయించారు. పాత ప్రతులు తగలబెట్టమన్నారు. తీరం నుంచి శత్రు నౌకలకు సిగ్నళ్లు వెళ్తున్నాయన్న ఆరోపణ ఉట్టిదేనని ఎఫ్‌బీఐ, కమ్యూనికేషన్ల కమిషన్ చెప్పాయి. న్యాయశాఖ లాయర్లు ఎన్నిస్, బర్లింగ్ ఆ సంగతి సుప్రీంకోర్టుకు చెప్పాలని బ్రీఫ్‌లో ఒక ఫుట్‌నోట్ రాశారు. అచ్చయ్యేలోపు దాన్ని పలుచన చేసి, చదివినవాడికి ఏమీ అర్థం కాకుండా చేశారు.

నలభై ఏళ్ల తర్వాత ప్రొఫెసర్ పీటర్ ఐరన్స్‌కు న్యాయశాఖ ఫైళ్లలో ఆ మెమోలు దొరికాయి. యుక్తవయసులో తనే శిబిరంలో ఉన్న ఐకో హెర్జిగ్-యోషినాగా, నేషనల్ ఆర్కైవ్స్‌లో రోజుల తరబడి పెట్టెలు వెతికి, తగలబడకుండా మిగిలిన ఆ పాత ప్రతిని పట్టుకుంది. ఆ కాగితాలతో డేల్ మినామీ నాయకత్వంలో యువ లాయర్లు 1983 జనవరిలో కోరమ్ నోబిస్ పిటిషన్ వేశారు.

నన్ను బాగా కదిలించినది ఆ తర్వాత జరిగింది. శిక్ష రద్దు చేసుకోండి, మాకు అభ్యంతరం లేదు, కానీ మేము తప్పు చేశామని మాత్రం తేల్చకండి అన్నట్టు ప్రభుత్వం బేరం పెట్టింది. జడ్జి మెరిలిన్ హాల్ పటేల్ ఒప్పుకోలేదు. నవంబరు 10న నిండు కోర్టులో, ప్రభుత్వం తెలిసే కోర్టుకు నిజం దాచిందని తేల్చి శిక్ష కొట్టేశారు. క్షమాభిక్ష ఇస్తామన్నా కొరెమాట్సు ముందే వద్దన్నాడు. క్షమించే మాటే వస్తే ప్రభుత్వాన్ని క్షమించాల్సింది తనేనని అతని మాట.

లా_మూడో_ఏడు
మేడమ్, చాలా థాంక్స్. ఈ వివరాలు నోట్సులో ఒక్కటీ లేవు. అయితే 1944 తీర్పు పూర్తిగా పోయినట్టేనా?

బేఏరియా_తెలుగు
పోలేదు, అదే బాధ. ఒక మనిషి మీద ఉన్న శిక్ష పోయింది. సుప్రీంకోర్టు అభిప్రాయం పుస్తకాల్లో అలాగే ఉంది, దాన్ని జిల్లా జడ్జి తాకలేరు. ఆ మాట జడ్జి పటేల్ తన ఉత్తర్వులోనే చెప్పారు. 2018లో ట్రంప్ వర్సెస్ హవాయి కేసులో చీఫ్ జస్టిస్ రాబర్ట్స్, కొరెమాట్సు తీర్పు వచ్చిన రోజే ఘోరమైన తప్పు అని రాశారు. అదే తీర్పులో కొన్ని దేశాలవాళ్ల మీద ట్రంప్ పెట్టిన ప్రయాణ నిషేధాన్ని సమర్థించారు కాబట్టి ఆ మాట ఎంతవరకు పనికొస్తుందన్నది ఇక్కడ ఇంకా వాదనలోనే ఉంది.

అదే కాలంలో ఇంకో ఇద్దరున్నారు. సియాటిల్‌లో హిరబయాషి కేసు పూర్తి విచారణకు వెళ్లి, 1987లో అప్పీల్ కోర్టులో రెండు శిక్షలూ పోయాయి. పోర్ట్‌లండ్‌లో మినోరు యాసుయి, ఆయన స్వయంగా లాయరు. అక్కడి జడ్జి ప్రభుత్వం అడిగినట్టే శిక్ష రద్దు చేసి, ఏం జరిగిందో తేల్చకుండా వదిలేశారు. దాని మీద అప్పీలు నడుస్తుండగా 1986లో ఆయన పోయారు. ఒకే కాగితాలు, ఒకే రిట్, జడ్జిని బట్టి ఫలితం ఇంత మారింది.

నిశితం
నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను, ఎవరూ నొచ్చుకోవద్దు. కొరెమాట్సు విషయంలో న్యాయం జరిగింది, కాదనను. కానీ నలభై ఏళ్ల తర్వాత కూడా తీర్పు తిరగదోడొచ్చు అంటే ఇక తీర్పుకు అర్థమేముంది? సాక్షులు పోతారు, ఫైళ్లు చెదలు పడతాయి, జడ్జీలు మారతారు. మా నాన్నగారి పొలం దావా మూడు కోర్టులు తిరిగి తేలాక, అవతలివాళ్లు మళ్లీ ఏదో కాగితం దొరికిందని వస్తే ఎంత టెన్షనో అనుభవించాం. గెలిచినవాడికి కూడా నిద్ర పట్టాలి కదా.

తెనాలి_వకీలు
నిశితం గారి మాటలో బలం ఉంది, కొట్టిపారేయలేను. ఈ భయం అమెరికా సుప్రీంకోర్టుకూ ఉంది. 1954లో మోర్గన్ కేసు చూడండి. ఆ మనిషి 1939లో లాయరు లేకుండా ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, నాలుగేళ్ల శిక్ష అనుభవించేశాడు. తర్వాత న్యూయార్క్‌లో ఇంకో కేసులో, పాత శిక్ష ఉంది కదా అని ఎక్కువ వేశారు. పాత శిక్ష ఎప్పుడో ముగిసింది కాబట్టి నిర్బంధంలో ఉన్నవాణ్ని విడిపించే హేబియస్ కార్పస్ రిట్ దాని మీద కుదరదు. అప్పుడు కోరమ్ నోబిస్ ఉందని కోర్టు అన్నది, 5–4తో. వేరే దారి ఉండకూడదు, ముందే రాకపోవడానికి సరైన కారణం ఉండాలి, తప్పు కేసు పునాదినే కదిలించేదై ఉండాలి. ఇన్ని షరతులు పెట్టినా నలుగురు జడ్జీలు ఒప్పుకోలేదు.

కొత్త కాగితం దొరికిందని వచ్చే ప్రతివాడూ, కోర్టును మోసం చేశారని రుజువుతో వచ్చినవాడూ ఒకటి కాదు. నా లెక్కలో గీత అక్కడ గీయాలి. గెలిచినవాడే నిజం దాచి గెలిచాడని తేలితే, అతని నిద్ర గురించి కోర్టు బెంగపడక్కర్లేదు. మన సుప్రీంకోర్టు కూడా 1993లో చెంగల్వరాయ నాయుడు కేసులో ఇదే అన్నది. వాది తన హక్కు వదులుకుంటూ రాసిచ్చిన రిలీజ్ డీడ్ దాచి ఆస్తి పంపకం డిక్రీ తెచ్చుకున్నాడు. మోసంతో తెచ్చుకున్న డిక్రీ చెల్లనే చెల్లదు, ఏ కోర్టులోనైనా ఆ మాట లేవనెత్తొచ్చు అని తేల్చారు.

నిశితం
ఆ గీత నాకూ సమ్మతమే. కోర్టును మోసం చేసినవాడికి కాలం రక్షణ ఇవ్వకూడదు. కానీ మోసం అన్న మాట పిటిషన్‌లో రాయడం ఎవరికైనా తేలికే. మొదటి వాయిదాలోనే కాగితం చూసి, పనికిరానిదైతే అక్కడే తోసేసే ధైర్యం కింది కోర్టులకు ఉండాలి.

పాత_రికార్డు
సాంకేతిక లోపాలతో రిట్ ఆఫ్ ఎర్రర్ గెలిచారు అని చులకనగా చూడకండి. 1844లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్‌ను డబ్లిన్‌లో కుట్ర కేసులో శిక్షించారు, ఏడాది జైలు. జ్యూరీ జాబితాలోంచి కొన్ని పేర్లు గల్లంతయ్యాయి, కూర్చున్న పన్నెండు మందిలో ఒక్క క్యాథలిక్ లేడు. రిట్ ఆఫ్ ఎర్రర్ మీద కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్‌కు వచ్చింది. అయిదుగురు న్యాయ ప్రభువుల్లో డెన్మన్, కాటెన్‌హామ్, క్యాంప్‌బెల్ రద్దు చేయాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. లా తెలియని మిగతా ప్రభువులు ఓటేస్తే ఫలితం మారిపోయేది. వాళ్లను ఓటు వేయవద్దని నచ్చజెప్పి పంపేశారు. సెప్టెంబరు 4న శిక్ష రద్దయింది. అప్పటి నుంచి కేసుల్లో లా ప్రభువులు తప్ప ఇంకెవరూ ఓటు వేయని ఆచారం గట్టిపడింది.

ఇక ఇంగ్లండులో ఈ రిట్లు ఎలా పోయాయంటే, అడాల్ఫ్ బెక్ అనే మనిషి కష్టం వల్ల. 1896లో ఆడవాళ్లను మోసం చేసి నగలు కాజేశాడని ఏడేళ్లు వేశారు. అసలు దొంగ వేరే. 1877లో జాన్ స్మిత్ పేరుతో శిక్షపడిన మనిషి ఇతనేనని అనుకున్నారు. స్మిత్‌కు సున్తీ అయినట్టు పాత జైలు రికార్డులో ఉంది, బెక్‌కు కాలేదు. 1898లో హోమ్ ఆఫీసుకు ఈ సంగతి తెలిసింది. పాత నేరస్తుడనే గుర్తు మాత్రం తీసేసి, మనిషిని జైల్లోనే ఉంచారు! 1904లో మళ్లీ అదే నేరం మోపి దోషి అన్నారు. శిక్ష వేసేలోపు అసలువాడు దొరికాడు.

ఇందులో రిట్ ఆఫ్ ఎర్రర్ ఏం చేయగలదు? పత్రం మీద ఏ లోపమూ లేదు. రాజు క్షమాభిక్ష తప్ప అతనికి ఏ కోర్టూ దారి చూపలేదు. ఈ గొడవ మీదే 1907లో క్రిమినల్ అప్పీల్ కోర్టు పెట్టారు, అదే చట్టంతో క్రిమినల్ కేసుల్లో రిట్ ఆఫ్ ఎర్రర్‌ను తీసేశారు. సివిల్ కేసుల్లో అంతకుముందే పోయింది. సముద్రం దాటి అమెరికా వెళ్లిన కోరమ్ నోబిస్ మాత్రం అక్కడ బతికింది, పుట్టినచోట కంటే పెద్ద పనులు చేసింది.

పాతపట్నం_అబ్బాయి
సెర్షియోరరి గురించి ఎవరూ అనలేదేం? అది కూడా కింది సంస్థల తప్పు దిద్దే రిట్టే. దాని చరిత్రలో మా ఊరి పక్క రైతులున్నారు. పర్లాకిమిడి మాకు కూతవేటు దూరం, గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు. అప్పట్లో గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. ఆ జమీందారీలోని గారబంధ తదితర గ్రామాల రైతుల శిస్తు మీద మద్రాసు రెవెన్యూ బోర్డు ఇచ్చిన ఉత్తర్వు కొట్టేయమని రైతులు మద్రాసు హైకోర్టులో సెర్షియోరరి అడిగారు. కేసు లండన్‌లో అప్పటి మన చివరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1943లో వచ్చిన జవాబు: రిట్ ఇచ్చే అధికారం ఆ హైకోర్టుకు మద్రాసు పట్నం వరకే, భూములూ రైతులూ గంజాంలో ఉన్నారు, బోర్డు ఆఫీసు పట్నంలో ఉన్నంత మాత్రాన సరిపోదు.

శిస్తు పెంచే బోర్డు పట్నంలో కూర్చుని గంజాం దాకా చేయి చాపగలదు, ఆ చేతిని ఆపే రిట్ మాత్రం పట్నం పొలిమేర దాటదు. ఏడేళ్ల తర్వాత రాజ్యాంగం 226వ అధికరణం ప్రతి హైకోర్టుకూ తన పరిధి అంతటా రిట్ ఇచ్చే అధికారం ఇచ్చింది. ఇవాళ శ్రీకాకుళం జిల్లా రైతు రిట్ వేస్తున్నాడంటే ఆ మార్పు వల్లే.

కందనవోలు
మా కర్నూలుకూ ఇందులో వాటా ఉంది. తుంగభద్ర ఇండస్ట్రీస్ అని వేరుశెనగ నూనె, వనస్పతి తీసే కంపెనీ. నూనెను గట్టిపరచి వనస్పతి చేసినా అది వేరుశెనగ నూనేనా కాదా అన్నది అమ్మకం పన్ను తగాదా. నూనేనని సుప్రీంకోర్టు 1960లో తేల్చింది. అదే కంపెనీ మీద 1963లో వచ్చిన ఇంకో తీర్పు రివ్యూ గురించి, అంటే తీర్పిచ్చిన కోర్టే దాన్ని మళ్లీ చూడటం గురించి. అదే ప్రశ్న మీద సుప్రీంకోర్టుకు వెళ్లడానికి ఒక ఏడాది పన్నుకు సర్టిఫికెట్ ఇచ్చిన హైకోర్టు, మరుసటి ఏళ్ల పన్నుకు మాత్రం పెద్ద న్యాయ ప్రశ్నే లేదని నిరాకరించింది. ఇది రికార్డు మొహం మీదే కనబడే తప్పు, రివ్యూ చేయాల్సిందే అన్నారు. అలాగే రివ్యూ అంటే ముసుగేసుకున్న అప్పీలు కాదు అని కూడా అన్నారు. ఇప్పటికీ రివ్యూ పిటిషన్ వేసిన ప్రతివాడికీ జడ్జీలు ఈ తీర్పే చూపిస్తారు.

తెనాలి_వకీలు
విద్యార్థిని గారి చివరి ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పేయొచ్చు. సివిల్ కేసుల్లో మన సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 47లో, అంటే రివ్యూ నిబంధనలో, రెండూ కలిసిపోయాయి. రికార్డు మీద కనబడే తప్పు, అంటే పాత రిట్ ఆఫ్ ఎర్రర్ వాసన. ఎంత జాగ్రత్తపడినా అప్పట్లో దొరకని కొత్త ఆధారం, అంటే కోరమ్ నోబిస్ కంటే కాస్త వెడల్పు దారి. గడువు 30 రోజులు. క్రిమినల్ కేసుల్లో మాత్రం తీర్పు మీద సంతకం పెట్టాక క్లరికల్ తప్పు తప్ప ఇంకేమీ దిద్దకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 362వ సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 403. అప్పీళ్లన్నీ అయిపోయాక, శిక్ష కూడా అనుభవించాక, ప్రాసిక్యూషన్ కాగితం దాచిందని తేలితే మోర్గన్‌లాంటివాడు మన దగ్గర ఏ తలుపు తట్టాలి? సుప్రీంకోర్టులో 2002 నుంచి, రివ్యూ కూడా పోయాక చివరి మొరగా వేసే క్యూరేటివ్ పిటిషన్ ఉంది గానీ అది దక్కేది బహు కొద్దిమందికి. ఈ ఖాళీ పూడ్చడానికి పార్లమెంటు చట్టం చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

డాలస్_నుంచి
ఇక్కడ మా తెలిసినవాళ్ల అబ్బాయికి పాత చిన్న కేసు ఒకటుంది. లాయరు ఒప్పుకోమంటే ఒప్పుకున్నాడు, ప్రొబేషన్ అయిపోయింది. ఇప్పుడు గ్రీన్ కార్డు దగ్గర అడ్డం వస్తోంది. కోరమ్ నోబిస్ వేయొచ్చని ఎవరో చెప్పారట. నిజమేనా?

బేఏరియా_తెలుగు
ముందు కేసు ఫెడరల్ కోర్టుదా, రాష్ట్ర కోర్టుదా చూడమనండి. ఫెడరల్ కోర్టులో కోరమ్ నోబిస్ ఫెడరల్ శిక్షలకే. రాష్ట్ర శిక్ష అయితే ఆ రాష్ట్రం దారి పట్టుకోవాలి. టెక్సస్‌లో ప్రొబేషన్ పడ్డవాళ్లకు ప్రత్యేకంగా హేబియస్ దరఖాస్తు పద్ధతి ఉంది. మేరీలాండ్‌లో కోరమ్ నోబిస్ పేరుతోనే ఇప్పటికీ నడుస్తుంది.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందని లాయరు చెప్పి తీరాలని 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు అన్నది. కానీ 2013లో చైదెస్ కేసులో, అంతకుముందే ముగిసిపోయిన కేసులకు అది వర్తించదని తేల్చింది. ఆ చైదెస్ అడిగింది కోరమ్ నోబిసే. కాబట్టి తేదీ ముఖ్యం. ఇంకో ముఖ్యమైన మాట: ఇమిగ్రేషన్ కష్టం తప్పించడం కోసమే శిక్ష రద్దు చేస్తే ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. కేసు నడిచిన తీరులోనే చట్టపరమైన లోపం ఉందని ఉత్తర్వులో ఉండాలి. క్రిమినల్, ఇమిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌తోనే వెళ్లమనండి.

పొలం_గట్టు
పెద్దలకు నమస్కారం. మా బాబాయి మీద బాకీ డిక్రీ ఉంది. ఊళ్లో పెద్దమనుషుల మధ్య మొత్తం కట్టేశాడు. ఇప్పుడు అవతలివాళ్లు ఈపీ, అంటే డిక్రీ అమలు చేయమనే పిటిషన్ వేసి నోటీసు పంపారు. ఇలాంటిదానికి ఏ రిట్?

పాత_రికార్డు
పాత ఇంగ్లండులో అయితే సరిగ్గా ఆడిటా క్వెరెలా. మూడో ఎడ్వర్డ్ కాలం నుంచీ ఉంది. తీర్పు తప్పు కాదు, కానీ తీర్పు తర్వాత బాకీ తీరిపోయింది, లేదా అవతలివాడు చెల్లు రాసిచ్చాడు. అయినా జప్తుకు వస్తే, ఆ మనిషి మొర విని అమలు ఆపమని జడ్జీలకు వెళ్లే రిట్ అది. పద్దెనిమిదో శతాబ్దానికే కోర్టులు మామూలు దరఖాస్తు మీద ఆ ఊరట ఇవ్వడం మొదలుపెట్టాయి, రిట్ వెనకబడింది. మన పద్ధతి తెనాలి వకీలు గారు చెప్పాలి.

తెనాలి_వకీలు
బాబూ, జాగ్రత్తగా చదువు. సీపీసీ ఆర్డర్ 21 రూల్ 2. కోర్టు బయట కట్టిన డబ్బును కోర్టులో నమోదు చేయించాలి. చేయించకపోతే ఈపీ కోర్టు ఆ చెల్లింపును చూడనే చూడదు, కట్టింది నిజమైనా సరే. డిక్రీదారు నమోదు చేయించకపోతే బాకీదారే దరఖాస్తు పెట్టుకోవచ్చు, కట్టిన రోజు నుంచి 30 రోజుల్లోపు. పెద్దమనుషుల నోటిమాట చాలదు, 1976 సవరణ తర్వాత రాతపూర్వకమైన రుజువు కావాలి, లేదా అవతలివాడు కోర్టులో ఒప్పుకోవాలి. ఎప్పుడు కట్టారు, ఎలా కట్టారు?

పొలం_గట్టు
ఈ నెల మొదటి వారంలోనేనండీ. సగం చేతికిచ్చాం, సగం బ్యాంకులో ఆర్టీజీఎస్ చేశాం. చేతికిచ్చినదానికి ఆయన తెల్ల కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

తెనాలి_వకీలు
గడువు ఇంకా ఉంది. ఆర్టీజీఎస్ రసీదు, బాబాయి పాస్‌బుక్‌లో ఆ పేజీ, సంతకం ఉన్న కాగితం అసలు, డిక్రీ నకలు తీసుకుని సోమవారమే మీ వకీలు దగ్గరికి వెళ్లండి. రూల్ 2 కింద చెల్లింపు నమోదు చేయమని దరఖాస్తు, దాంతోపాటు ఈపీలో కౌంటరు, రెండూ వేయించండి. ఒకటి వేసి రెండోది తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఈపీ వాయిదా రోజు బాబాయిని తప్పకుండా హాజరవమనండి, పిలిచినప్పుడు లేకపోతే ఎక్స్‌పార్టీ చేసేస్తారు, అంటే ఆయన లేకుండానే నడిపేస్తారు. సంతకం కాగితం అసలు ఎవరి చేతికీ ఇవ్వొద్దు, కోర్టులో దాఖలు చేసేదాకా మీ దగ్గరే పెట్టుకోండి.